ఇంజన్ నంబర్లు రాసుకునేటోళ్లను ఇంగ్లండ్‌ల 'అనొరాక్' అంటరట. తిట్టా? ఆ పని సక్కగ చేసుడెట్ల?

మూసీగట్టు (నల్లగొండ)

అన్నలూ, రెండు ముచ్చట్లు అడగాలె. మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. సాయంత్రమైతే స్టేషన్‌కు పోయి ఇంజన్ నంబర్లు నోట్‌బుక్కుల రాసుకుంటడు. లెస్టర్‌ల ఉండే మా చిన్నబాపు కొడుకు ఫ్యామిలీ గ్రూపుల "వీడు పక్కా అనొరాక్" అని పెట్టిండు. నెట్టుల ఎతికితే టోపీ ఉన్న వానకోట్ల బొమ్మలొస్తున్నయ్. అది తిట్టా, ఎగతాళా?

రెండోది అసలుది. వాని పుస్తకం చూస్తే ఒట్టి అయిదంకెల నంబర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నయ్. తారీఖు లేదు, బండి పేరు లేదు. ఒకే ఇంజన్ ఒకకాడ 30583 అని, ఇంకోకాడ 30588 అని ఉన్నట్టు అనుమానం. ఎట్లాగూ పోతుండు కాబట్టి సక్కగ రాసుకోవాలంటే ఏమేం రాయాలె? గూడ్సు డబ్బాల నంబర్లు గూడ రాయొచ్చా? పోలీసోళ్లు ఏమన్న అంటరా?

కొసప్లాట్‌ఫాం

తిట్టే, కాని పదును లేని తిట్టు. అనొరాక్ అంటే తలటోపీ కలిపి కుట్టిన వానకోటు, గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన మాట. చలిలో, తుంపరలో ప్లాట్‌ఫాం చివర గంటల తరబడి నిలబడే రైలుపిచ్చోళ్ల ఒంటి మీద ఎప్పుడు చూసినా అదే కోటు ఉండేది. కోటు పేరు మనిషికి అంటుకుంది. పత్రికల్లో ఈ అర్థం 1980లలో కనబడుతుంది. అవసరానికి మించిన వివరం తెలిసి ఉండాలి, ఎదుటివాడు ఆవలిస్తున్నా చెప్పడం ఆపకూడదు, నలుగురిలో కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచకూడదు. మూడూ ఉంటేనే పక్కా అనొరాక్. ఒక్క పిచ్చే ఉంటే చాలదు. అదే మాట తన గురించి తాను, "క్రికెట్ లెక్కల్లో నేను కాస్త అనొరాక్‌ని" అన్నట్టుగా అనుకుంటే అందులో కొంత గొప్ప కూడా ఉంటుంది. ఇంట్లోవాళ్ల గ్రూపులో అన్న తమ్ముణ్ని అన్నాడంటే ఆటపట్టించడమే. ముక్కూ మొహం తెలియనివాడు ఆఫీసులో అంటే మాత్రం చులకనే.

ఈ కుటుంబంలో ఇంకా మాటలున్నాయి. ట్రైన్‌స్పాటర్ అంటే అచ్చంగా నంబర్లు రాసుకునేవాడు. తర్వాత తర్వాత రైలుతో సంబంధం లేకపోయినా చిల్లర వివరాలు పోగేసే ఎవణ్నయినా అలా అనడం మొదలైంది. గ్రైసర్ అనేది రైలు ప్రియులు తమలో తాము వాడుకునే మాట, దాని పుట్టుక మీద ఇప్పటికీ తగవే. ఫలానా ఇంజన్ లాగే బండిలో కూర్చుని మైళ్లు లెక్కపెట్టేవాడు బాషర్. అరుదైన పిట్ట కనబడిందని తెలియగానే ఊళ్లు దాటి పరుగెత్తేవాడు ట్విచర్. కాబట్టి తీరిగ్గా పిట్టల్ని చూసుకునేవాణ్ని ట్విచర్ అంటే నొచ్చుకుంటాడు. బాఫిన్ మాత్రం గౌరవం ఉన్న మాట. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ మీద పనిచేసిన శాస్త్రవేత్తలను వాయుసేనవాళ్లు అలా పిలిచేవాళ్లు. స్పాడ్ అనిపించుకున్నవాడికి చదువూ కంప్యూటరూ తప్ప లోకం తెలియదని అర్థం, అందులో గౌరవం ఏమీ లేదు.

నంబర్లు రాసుకోవడం ఇంత పెద్ద అలవాటు కావడానికి కారణం ఒక చిన్న పుస్తకం. ఇయాన్ అలన్ అనే కుర్రాడు లండన్ వాటర్‌లూలో సదరన్ రైల్వే ఆఫీసులో పనిచేసేవాడు. ఇంజన్ల వివరాలు అడుగుతూ వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసి రాసి విసిగి, 1942లో ఆ రైల్వే ఇంజన్లన్నిటి నంబర్లతో జేబుపుస్తకం అచ్చు వేశాడు. పిల్లలు ఎగబడి కొన్నారు. చూసిన నంబర్ కింద గీత గీయడమే ఆట. మొదటిసారి కనబడ్డదాన్ని 'కాప్' అంటారు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల్లో ఆవిరి బండ్లు ఆగిపోయాక పిల్లల జోరు తగ్గింది. మిగిలిన పెద్దవాళ్లు కోట్లు తొడుక్కుని అలాగే నిలబడ్డారు, వెక్కిరింత పుట్టింది అక్కడే అని నా అభిప్రాయం. పదేళ్ల పిల్లాడు చేస్తే ముద్దు, నలభై ఏళ్లవాడు చేస్తే అనొరాక్!

మీ తమ్ముడి పుస్తకం సంగతికి వస్తే, ఆ పద్ధతి అక్కడ నడిచింది. వాళ్ల చేతిలో మొత్తం నంబర్ల జాబితా అచ్చయి ఉండేది కాబట్టి గీత గీస్తే చాలు. మనకు అలాంటి జేబుపుస్తకం లేదు. ఇక్కడ ఒట్టి నంబర్ దేనికీ పనికిరాదు. ఏం రాయాలో పాలమూరు అన్న చెప్తాడు.

పాలమూరు పట్టాలు

తమ్మీ, నీ తమ్మునికి ముందుగాల నంబర్ చదువుడు నేర్పాలె, రాసుడు తర్వాత. అయిదంకెలూ ఒక్కసారి చదవాలని చూస్తే తప్పు పోతది. మొదటి రెండంకెలు ఇంజన్ జాతిని చెప్తయ్. జాతిని దూరం నుంచే ఒడ్డూపొడుగు చూసి గుర్తుపట్టొచ్చు. కండ్లు చివరి మూడంకెల మీద పెట్టాలె.

మన రెండు లైన్లకు సరిపోయేటివి చెప్తున్న. డబ్ల్యూఏపీ-7 (ప్యాసింజర్ బండ్ల కరెంటు ఇంజన్, 6 వేల పైచిలుకు హార్స్‌పవర్) 30, 37, 39 తోటి మొదలైతది. 30 తోటి మొదలైనంత మాత్రాన ఖాయం చేసుకోవద్దు, 30001 నుంచి రెండు వందల లోపు నంబర్లు డబ్ల్యూఏపీ-5వి, 30201 నుంచి డబ్ల్యూఏపీ-7. గూడ్సు ఇంజన్ డబ్ల్యూఏజీ-9 అయితే 31, 32, 33. ఈ 7, 9 అన్నదమ్ముల లెక్క ఒక్క తీరుగుంటయ్, పెట్టె చూసి చెప్పుడు కష్టం. నంబర్ పక్కన జాతి పేరు రాసుంటది, అది చదవాలె. పాత డబ్ల్యూఏపీ-4 అయితే 22, 25. డబ్ల్యూఏజీ-7 అయితే 27, 28, 24. డీజిల్‌ల డబ్ల్యూడీపీ-4డీకి 40, డబ్ల్యూడీజీ-4కు 12, 70. పేరుల డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, డీ అంటే డీజిల్, పీ ప్యాసింజర్, జీ గూడ్స్, ఎం రెండు పనులకు.

రాయాల్సినవి ఇవి: తారీఖు, టైం (24 గంటల లెక్క), స్టేషన్, బండి నంబర్, ఇంజన్ నంబర్, జాతి, షెడ్డు (ఆ ఇంజన్‌ను చూసుకునే సొంత డిపో), ఎటు పోతున్నది, ఆగిందా దాటిపోయిందా. షెడ్డు పేరు ఇంజన్ పక్కగోడ మీద చిన్న అక్షరాలల్ల ఉంటది: లాలాగూడ, కాజీపేట, విజయవాడ, గుత్తి ఇట్ల. దాన్ని వదిలిపెట్టేటోళ్లే ఎక్కువ. కాని 3, 8 అనుమానం తీర్చేది అదే. నువ్వు చెప్పిన 30583, 30588 రెండూ డబ్ల్యూఏపీ-7 వరుసలనే పడ్తయ్ కాబట్టి జాతి చూసి తేల్చలేవు. రెండు సార్లు షెడ్డు పేరు రాసుంటే, అవి వేరువేరైతే రెండు ఇంజన్లు. ఒకటే అయితే అనుమానం అట్లనే ఉంటది, ఫోటో ఉంటేనే తెగుతది. లేకుంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టి లెక్కల కలపొద్దు. ఇంగ్లండ్‌ల పిట్టల్ని చూసేటోళ్లు, చూడనిది చూసిన్నని రాసేటోన్ని స్ట్రింగర్ అంటరట. వాళ్ల దాంట్ల అనొరాక్ కన్న అదే పెద్ద తిట్టు.

బండి నంబర్ ఎట్లా అంటే, 2010 డిసెంబర్ 20 నుంచి అన్నిటికీ అయిదంకెలే. 1, 2 తోటి మొదలైతే దూరప్రయాణం, 0 అయితే స్పెషల్, 5 ప్యాసింజర్, 6 మెమూ (కరెంటు లోకల్ బండి), 7 డెమూ (డీజిల్ లోకల్ బండి). పోను ఒక నంబర్, రాను ఒక నంబర్. నారాయణాద్రి తిరుపతికి పోయేటప్పుడు 12734, వచ్చేటప్పుడు 12733. ఫలక్‌నుమా హౌరాకు పోతే 12704, వస్తే 12703. నంబర్ సరిగ్గ రాస్తే దిక్కు దానంతటదే తేలుతది.

నిలబడే జాగ గురించి. మీ పగిడిపల్లి–నడికుడి దిక్కు 2023ల డబ్లింగ్‌కు (రెండో పట్టా ఏసుడుకు) అనుమతి వచ్చింది (గుంటూరు–బీబీనగర్, 239 కిలోమీటర్లు). సింగిల్ లైన్ ఉన్నన్ని రోజులు క్రాసింగులే మీకు లాభం. ఎదురుబండి కోసం లూప్‌ల (పక్క పట్టా మీద) ఆగిన గూడ్సు ఇంజన్‌ను ప్లాట్‌ఫాం మీదికెళ్లి నిమ్మళంగ చదువుకోవచ్చు. హోం సిగ్నల్ (స్టేషన్‌లకు వచ్చే కాడ ఉండేది) మీద తెల్లదీపాల వరుస వెలిగితే బండి లూప్‌లకు వస్తున్నది, నిమ్మళంగుండు. ఆ వరుస లేక హోం, స్టార్టర్ (స్టేషన్ నుంచి బయటికి పోయే కాడిది) రెండూ పచ్చగుంటే ఆగకుండ దాటిపోతది, పుస్తకం జేబుల పెట్టి కండ్లు పెట్టాలె. మా మహబూబ్‌నగర్ దిక్కు సికింద్రాబాద్ నుంచి 85 కిలోమీటర్లు డబ్లింగైంది (2023 ఏప్రిల్). ఇంక బండ్లు క్రాసింగుకు ఆగుడు తక్కువ, దాటిపోయేటప్పుడే చదవాలె. గద్వాల నయం, రాయచూరు లైన్ కలిసే జంక్షన్ కాబట్టి ఇంజన్లు కొంతసేపు నిలబడి కనబడ్తయ్.

ఇంకొకటి. సత్తువ లేకుండ వేరే ఇంజన్ ఎనుక లాక్కపోబడే ఇంజన్లుంటయ్. వాటిని రాస్తే పక్కన 'డెడ్' అని రాయాలె, లేకుంటే రెండు ఇంజన్లు కలిసి లాగినట్టు లెక్కొస్తది.

మూసీగట్టు (నల్లగొండ)

మస్తు చెప్పిన్రన్నా. పొద్దుగూకినాక హెడ్‌లైట్ కొట్టి ముంగటి నంబర్ కనబడతలేదంటుండు. ఫోన్‌ల ఫోటో తీస్తే అలుక్కుపోతున్నది. వందేభారత్‌కు ఇంజనే లేదు గదా, దానికేం రాయాలె?

పాలమూరు పట్టాలు

హెడ్‌లైట్‌కు మందు లేదు. ముంగటి నంబర్ ఇడిసిపెట్టి పక్కగోడ మీది నంబర్ చదవాలె. అంటే ఇంజన్ వచ్చేటప్పుడు కాదు, ఎదురుంగ దాటేటప్పుడు. ప్లాట్‌ఫాం లైటు స్తంభం దగ్గర నిలబడితే వెలుతురు గోడ మీద పడ్తది. బండి ఎనుకకు తిరిగి చూసుడు అలవాటు చేసుకోవాలె, ఎనుక క్యాబ్ కాడ గూడ నంబర్ ఉంటది.

ఫోటో లెక్క సులువు. గంటకు 110 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్లు. షటర్ సెకనుల 250వ వంతు పెడితే ఆ లోపట ఇంజన్ 12 సెంటీమీటర్లు జరుగుతది, అంకెలు అలుక్కుపోతయ్. 1000వ వంతు పెడితే 3 సెంటీమీటర్లే, చదవొచ్చు. ఫోన్‌ల ఆటోల పెడితే పొద్దుమూకినాక అది షటర్‌ను నెమ్మది చేస్తది. ప్రో మోడ్‌ల 1000 కాడ కట్టేసి ఐఎస్‌వో (వెలుతురు పట్టే గుణం) పెంచాలె, కొంచెం గరుకుగొచ్చినా అంకె తెలుస్తది. అడ్డంగ కాకుండ ఏటవాలుగ, బండి వచ్చే దిక్కు చూస్తూ తీస్తే జరిగినట్టు తక్కువ కనబడ్తది. ఫ్లాష్ మాత్రం వెయ్యొద్దు, డ్రైవర్ కండ్లల్ల పడ్తది.

వందేభారత్ ట్రెయిన్‌సెట్, అంటే వేరే ఇంజన్ లేకుండ పెట్టెలల్లనే మోటార్లుండే బండి. ఇంజన్ గడిల గీత పెట్టి, డ్రైవర్ ఉండే కొస పెట్టెల నంబర్లు రెండూ రాయాలె. సికింద్రాబాద్–తిరుపతిది (20701, తిరిగొచ్చేది 20702) నల్లగొండల ఆగుతది కాబట్టి తిప్పలు లేదు.

గార్డుపెట్టె

గూడ్సు డబ్బాల సంగతి నేను చెప్తాను. అక్కడ నంబర్ తప్పో ఒప్పో నంబరే చెప్తుంది, అందుకే నాకు ఇంజన్ల కంటే వ్యాగన్లే ఇష్టం.

వ్యాగన్‌కు 11 అంకెలు. మొదటి రెండు డబ్బా రకం, తర్వాతి రెండు సొంత రైల్వే, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు వరుస నంబర్, చివరిది తనిఖీ అంకె. లెక్క ఇలా చేయాలి. మొదటి పది అంకెల్లో సరి స్థానాల్లోవి (2, 4, 6, 8, 10) కూడి 3తో గుణించాలి. బేసి స్థానాల్లోవి కూడి దానికి కలపాలి. వచ్చిన మొత్తాన్ని పై పదికి తీసుకెళ్లడానికి ఎంత కావాలో అదే పదకొండో అంకె. ఊరికే ఒక నంబర్ అనుకుందాం: 3309120457. సరి స్థానాలు 3+9+2+4+7 = 25, మూడింతలు 75. బేసి స్థానాలు 3+0+1+0+5 = 9. మొత్తం 84. తొంభైకి 6 కావాలి. కాబట్టి డబ్బా మీద 33091204576 అని ఉండాలి. ఒక్క అంకె తప్పు చదివితే ఈ లెక్క తప్పకుండా పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా చాలావరకు పడుతుంది, ఒక్క సందర్భం తప్ప: ఆ రెంటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే (3, 8 లేదా 2, 7 లాగా) తప్పినా లెక్క కుదిరిపోతుంది. తెలుగులో "ముప్పై ఎనిమిది" విని 83 రాసేవాళ్లు ఉంటారు కాబట్టి ఇద్దరు కలిసి ఒకరు చెప్తే ఒకరు రాసే పద్ధతిలో ఇది గుర్తుంచుకోవాలి.

నడుస్తున్న గూడ్సును చేత్తో రాయడం కాని పని. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ డబ్బా పొడవు 10.7 మీటర్లు. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్కో డబ్బాకు ముప్పావు సెకను కూడా దొరకదు. వీడియో తీసి ఇంట్లో ఆపి ఆపి చదవాలి. మిర్యాలగూడ, విష్ణుపురం వైపు వెళ్లగలిగితే బియ్యం, సిమెంటు ఎక్కించే మూతడబ్బాలు నిలబడి ఉంటాయి, ప్లాట్‌ఫాం మీద నుంచే చదవొచ్చు. సైడింగ్ (సరుకు ఎక్కించే పక్క లైను) లోపలికి మాత్రం అడుగు పెట్టొద్దు.

ప్యాసింజర్ పెట్టెలకు తనిఖీ అంకె లేదు. అయిదంకెల నంబరైతే మొదటి రెండు తయారైన సంవత్సరం, మిగతా మూడు రకం: 201 నుంచి 400 లోపు స్లీపర్, 101–150 ఏసీ త్రీటైర్, 051–100 ఏసీ టూటైర్. కొత్త పెట్టెలకు అంకెలు పెరిగాయి, వాటికి ఈ మూడంకెల సూత్రం అంటగట్టొద్దు.

పుస్తకంలోంచి ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ముందే ఆ నిలువు గడులన్నీ 'టెక్స్ట్' అని పెట్టాలి. లేకపోతే 05 తో మొదలైన పెట్టె నంబర్‌లో, 0 తో మొదలైన స్పెషల్ బండి నంబర్‌లో సున్నా ఎగిరిపోతుంది. వ్యాగన్ నంబర్ గడి ఇరుకైతే 3.31E+10 అని మారిపోయి కనబడుతుంది. తారీఖును 2025-03-04 లాగా సంవత్సరం ముందు పెట్టి రాయండి, మార్చి నాలుగో ఏప్రిల్ మూడో అన్న గొడవ ఉండదు. ఒక్కసారి సున్నాలు పోయాక తిరిగి పెట్టడం కంటే మళ్లీ కొట్టుకోవడమే తేలిక.

రాత్రి 837

మొదటి జవాబుకు చిన్న చేర్పు. అనొరాక్ అంటే రైలోళ్లే అనుకుంటారు గాని, రేడియోవాళ్ల దగ్గర ఆ మాట ఇంకా ముందునుంచే ఉంది. రేడియో కరోలిన్ అనే లైసెన్సు లేని స్టేషన్ 1964 ఈస్టర్‌కు ఓడ మీద నుంచి ప్రసారం మొదలుపెట్టింది. 1967 ఆగస్టులో బ్రిటన్ చట్టం తెచ్చి అలాంటి స్టేషన్లను బిగించింది. 1970లలో కరోలిన్ మళ్లీ లేచినప్పుడు, అభిమానులు పడవలు మాట్లాడుకుని సముద్రంలోకి వెళ్లి ఓడ చుట్టూ తిరిగి చెయ్యూపేవాళ్లు. అందరికీ టోపీకోట్లే. డీజే ఆండీ ఆర్చర్ వాళ్లకు అనొరాక్‌లని పేరు పెట్టాడంటారు. 1984లో అబ్జర్వర్ పత్రికలో వాడింది కూడా ఈ రేడియో అభిమానుల గురించే.

తమ్ముడికి వానాకాలం స్టేషన్‌కు పోలేని రాత్రుల్లో చేయడానికి ఇది కూడా బాగుంటుంది. మీడియం వేవ్ రేడియో ఒకటి చాలు. పగలు నల్లగొండలో హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 వస్తాయి. చీకటి పడ్డాక వాతావరణం పైపొరల్లో తరంగాలను మింగేసే పొర కరిగిపోతుంది, దూరపు స్టేషన్లు మొదలవుతాయి. మన దగ్గర స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, డిజిటల్ సెట్టయితే 10 నుంచి 9కి మార్చాలి. దగ్గరి స్టేషన్ మింగేస్తుంటే సెట్‌ను తిప్పండి. లోపలి ఫెరైట్ కడ్డీ (అదే ఏరియల్) కొస హైదరాబాద్ వైపు చూసినప్పుడు హైదరాబాద్ బాగా తగ్గుతుంది. బర్రుమనే మోత వస్తే స్టేషన్ తప్పు కాదు, ఎల్‌ఈడీ బల్బో ఫోన్ చార్జరో. మెయిన్ ఆపి బ్యాటరీ మీద వినండి. విన్నామని స్టేషన్‌కు రిపోర్టు పంపేటప్పుడు టైం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైం) రాయాలి, మన టైంలో అయిదున్నర గంటలు తీసేయాలి. రాత్రి 2 గంటలకు విన్నది యూటీసీలో ముందురోజు 20:30 అవుతుంది, తారీఖు మార్చడం మరిచిపోయి రిపోర్టులు చెడగొట్టుకుంటారు.

కొసప్లాట్‌ఫాం

చేర్పు సరైనదే, నేను రైలు వైపే లాగాను.

పోలీసుల ప్రశ్న మిగిలింది. ప్లాట్‌ఫాం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. అది జేబులో ఉండాలి, అడగ్గానే చూపాలి. పట్టాలు దాటడం, ప్లాట్‌ఫాం వాలు దిగి ముందుకు పోవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం: ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అలన్ పెట్టిన పిల్లల క్లబ్బులో కూడా మొదటి షరతు రైల్వే స్థలంలోకి చొరబడనని మాటివ్వడమే. పైన తీగలో 25,000 వోల్టులు. పాదచారుల వంతెన మీద నుంచి సెల్ఫీ కర్ర చాచొద్దు, తాకకపోయినా దగ్గరికి వస్తే చాలు. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు ఫోటో వద్దంటే వాదించకండి, నోట్‌బుక్కు చూపించి నంబర్లు రాసుకుంటున్నానని చెప్పాలి. తారీఖు, బండి, షెడ్డు గడులు గీసి ఉన్న పుస్తకం చూస్తే ఎవరికైనా సంగతి అర్థమవుతుంది. ఒట్టి అంకెల జాబితా అయితేనే అనుమానం పుడుతుంది. స్టేషన్ మాస్టర్‌కు ఒకసారి ముందే చెప్పి ఉంటే ఇంకా మంచిది.

రైలు నుంచి విమానాలకు మనసు మళ్లితే మాత్రం జాగ్రత్త. 2001 నవంబర్‌లో గ్రీస్‌లోని కలమాటా వైమానిక స్థావరం దగ్గర నంబర్లు రాసుకుంటున్న 12 మంది బ్రిటిష్‌వాళ్లను, ఇద్దరు డచ్చివాళ్లను గూఢచారులని పట్టుకున్నారు. 2002 ఏప్రిల్‌లో శిక్షలు పడ్డాయి, అదే ఏడాది నవంబర్‌లో అప్పీలులో కొట్టేశారు. అదొక అలవాటని అక్కడి కోర్టుకు నచ్చజెప్పేసరికి ఏడాది పట్టింది. హైదరాబాద్ వచ్చినప్పుడు హకీంపేట, దుండిగల్, బేగంపేట వైమానిక స్థావరాల గోడల దగ్గర పుస్తకం, కెమెరా బయటికి తీయొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

మూసీగట్టు (నల్లగొండ)

గడులు గీసిన పుస్తకం ఇయ్యాల్నే కొనిస్త. పాత నంబర్లల్ల తారీఖు లేనియి ఏం చేయాలె, కొట్టేయాల్నా?

గార్డుపెట్టె

కొట్టేయొద్దు. వేరే పేజీలో 'తారీఖు లేనివి' అని పెట్టి ఉంచాలి. మొదటిసారి ఎప్పుడు చూశాడనే లెక్కలో మాత్రం కలపొద్దు. అదే ఇంజన్ మళ్లీ కనబడ్డప్పుడు షెడ్డుతో, తారీఖుతో కొత్తగా రాసి, పాత పేజీలో ఆ నంబర్ మీద గీత కొట్టుకుంటూ పోతే సరి. 30583, 30588 రెండూ ఆ పేజీలోనే వేయండి.